నర్సింగ్ హోం మంచిదా, కాదా? ఎట్లా తెలుసుకోవాలి?

వరంగల్‌లో ఎం.జి.ఎం. దవాఖాన తెలియని వారు లేరు. కాన్పుల కోసం సి.కె.ఎం. దవాఖాన ఉన్నది. హనుమకొండలో ప్రసూతి దవాఖాన ఉన్నది. ఇవి సర్కారు దవాఖానలు. ఇవి కాక రెండు ఊళ్లలోనూ ఎటు చూసినా నర్సింగ్ హోంలు కనిపిస్తాయి. నర్సింగ్ హోం అంటే మన దగ్గర చిన్న ప్రైవేటు దవాఖాన. కాన్పులు, ఆపరేషన్లు చేస్తారు. పైసలు మనం కట్టాలి.

కొన్ని దేశాల్లో ఈ మాటకు అర్థం వేరు. లేవలేని ముసలివాళ్లను ఉంచుకొని చూసే ఇంటిని అక్కడ నర్సింగ్ హోం అంటారు. అమెరికాలో సర్కారు 2008 నుంచి అటువంటి ఇళ్లకు నక్షత్రాల గుర్తులు ఇస్తున్నది. బాగా చూసే ఇంటికి 5 నక్షత్రాలు. సరిగా చూడని ఇంటికి 1. ఆ లెక్కలో భవనం అందం చూడరు. తనిఖీలో ఏం తప్పులు దొరికాయి, నర్సులు ఎంతమంది ఉన్నారు, ఉన్నవాళ్ల ఆరోగ్యం ఎట్లా ఉంది, ఇవి చూస్తారు.

మన ఊరి నర్సింగ్ హోంలకు సర్కారు అట్లా నక్షత్రాలు పెట్టదు. మరి ఏది మంచిదో ఎట్లా తెలుస్తుంది? ఊళ్లో ఆర్.ఎం.పి. చెప్పిన చోటికి పోతాం. ఆటో ఎక్కడ ఆపితే అక్కడ దిగుతాం. మనిషిని పంపినందుకు కమీషన్ తీసుకునే వారు కూడా ఉంటారు. అద్దాల తలుపు, నున్నటి బండలు చూసి "పెద్ద దవాఖాన" అనుకుంటాం. నున్నటి బండలు రోగం తగ్గించవు.

నర్సంపేట దిక్కు ఒక ఊరు అనుకుందాం. కోడలికి ఏడో నెల. అత్త ఆమెను వెంటబెట్టుకొని నర్సింగ్ హోం చూడడానికి వచ్చింది. ఏడో నెలలోనే ఎందుకు? నొప్పులు మొదలైనాక చూసే తీరిక ఉండదు. అప్పుడు 108కి ఫోను చేయాలి, దగ్గరి దవాఖానకు పోవాలి, అంతే. చూసేది ముందే చూసి పెట్టుకోవాలి.

వాళ్లు ముందు గోడ చూడాలి. 2010లో కేంద్రం దవాఖానల మీద ఒక చట్టం చేసింది. తెలంగాణ కూడా ఆ చట్టాన్ని తీసుకున్నది. దాని ప్రకారం ప్రతి ప్రైవేటు దవాఖానకు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ కాగితం అందరికీ కనబడేటట్టు గోడకు పెట్టాలి. దేనికి ఎంత తీసుకుంటారో ఆ రేట్లు తెలుగులో కూడా రాసి పెట్టాలి. ప్రాణం మీదికి వచ్చిన మనిషిని తెస్తే, ముందు ప్రాణం నిలబెట్టే వైద్యం చేయాలని కూడా ఆ చట్టంలో ఉన్నది. రేట్ల బోర్డు లేకుంటే అడగవచ్చు. అక్షరాలు కూడబలుక్కొని చదివినా ఫరవాలేదు, ఎవరూ నవ్వరు. నవ్వితే ఆ దవాఖాన ఎటువంటిదో అదే చెబుతుంది.

తర్వాత నర్సును చూడాలి. డాక్టరు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వస్తారు. మిగిలిన పొద్దంతా, రాత్రంతా మనిషిని చూసేది నర్సే. కాబట్టి అత్త ఇట్లా అడగాలి: "సిస్టరమ్మా, రాత్రిపూట ఎవరుంటరు? అర్ధరాత్రి నెత్తురు ఎక్కువ పోతే డాక్టరు ఎంతసేపట్ల వస్తరు? నెత్తురు ఎక్కడినుంచి తెస్తరు?" దీనికి తడుముకోకుండా జవాబు రావాలి. "అట్లాంటిదేం కాదులే అమ్మా" అంటే అది జవాబు కాదు. నర్సింగ్ చదువు చదివిన వారున్నారా, తెల్ల కోటు వేసుకున్న పిల్లలే ఉన్నారా అన్నది కూడా అడగాలి. లోపల పడుకున్న వాళ్లను పలకరిస్తే ఇంకా తెలుస్తుంది. పిలిస్తే ఎవరన్నా వస్తున్నారా? బాలింత మీద కసురుకుంటున్నారా? దుప్పట్లు మారుస్తున్నారా? బాత్‌రూంలో నీళ్లు, సబ్బు ఉన్నాయా?

సబ్బు చిన్న విషయం అనిపిస్తుంది. చాలా ఏళ్ల కిందట యూరపులో వియన్నా అనే నగరంలో ఒక పెద్ద కాన్పుల దవాఖాన ఉండేది. అక్కడ ఒక వార్డులో బాలింతలు జ్వరం వచ్చి చనిపోతుండేవారు. 1847 ఏప్రిల్‌లో ఆ వార్డులో నూటికి 18 మంది చనిపోయారు. సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు కారణం వెతికాడు. అక్కడి డాక్టర్లు శవాలను కోసి చూసిన చేతులతోనే వచ్చి కాన్పులు చేస్తున్నారు. "సున్నపు మందు నీళ్లతో చేతులు కడిగి లోపలికి రండి" అన్నాడు. రెండు మూడు నెలల్లోనే చావులు నూటికి ఒకటి రెండుకు తగ్గినయి. కొత్త మందు రాలేదు, కొత్త భవనం కట్టలేదు. చేతులు కడిగారు, అంతే. కాబట్టి ఒక మంచం దగ్గరి నుంచి ఇంకో మంచానికి పోయేటప్పుడు నర్సు, డాక్టరు చేతులు శుభ్రం చేసుకుంటున్నారా అని చూడాలి.

సూది ప్యాకెట్ మన కండ్ల ముందు చింపాలి. వాడిన సూది మళ్లీ ట్రేలో పెట్టకూడదు. గ్లూకోజు సీసా మీద, మందుల మీద గడువు నెల, సంవత్సరం అంకెల్లో ఉంటాయి. అంకెలు చదవడం వచ్చిన ఎవరైనా అది చూడవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి, ఆపరేషన్.

2019-21లో కేంద్రం దేశమంతటా కుటుంబ ఆరోగ్య సర్వే చేయించింది. తెలంగాణలో 100 కాన్పులు అయితే అందులో సుమారు 61 పెద్దాపరేషన్లే అని తేలింది. సర్కారు దవాఖానల్లో 100కి 45 దాకా. ప్రైవేటులో 100కి 81 పైన! ఇంతమందికి నిజంగా అవసరమా? ఆపరేషన్లు నూటికి పది దాటినాక, ఇంకా పెంచినంత మాత్రాన తల్లీపిల్లల చావులు తగ్గడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది.

బిడ్డ అడ్డంగా ఉంటే, మాయ కిందికి ఉండి దారికి అడ్డం పడితే, బిడ్డ గుండె చప్పుడు తగ్గితే ఆపరేషన్ చేయవలసిందే. అప్పుడు వద్దనకూడదు. కానీ కారణం చెప్పాలి. "ఎందుకు చేస్తున్నరు సారూ? ఇంకా కొంచెం ఆగితే ఏమైతది?" అని అడిగే హక్కు ఉన్నది. తప్పంతా డాక్టర్లదే అనలేం. ముహూర్తం పెట్టించుకొని వచ్చి "ఈ గడియకే తీయండి" అనే ఇండ్లు కూడా మన దగ్గర ఉన్నాయి.

దీనికన్నా బాధ కలిగించేది గర్భసంచి ఆపరేషన్. ముప్పై ఏండ్ల ఆడమనిషి తెల్లబట్ట అవుతున్నదని, నడుము నొస్తున్నదని పోతుంది. "సంచి పాడైంది. తీయకుంటే క్యాన్సర్ అయితది. పిల్లలు పుట్టిండ్రు గదా, ఇంక సంచి ఎందుకు?" అంటారు. క్యాన్సర్ పేరు వింటే ఎవరికైనా భయమే. ఉన్న మేకలు అమ్మి, మిత్తికి తెచ్చి ఆపరేషన్ చేయించుకుంటారు. అదే సర్వే చూస్తే, 15 నుంచి 49 ఏండ్ల లోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్న వారు దేశంలో నూటికి సుమారు ముగ్గురు. తెలంగాణలో సుమారు ఎనిమిది మంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంకొంచెం ఎక్కువ.

తెల్లబట్ట చాలా వరకు మందులతో తగ్గే జబ్బు. చూడగానే క్యాన్సర్ అని ఎవరూ చెప్పలేరు. పరీక్ష చేయాలి. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి ల్యాబుకు పంపాలి. ఆ కాగితం వచ్చినాకనే చెప్పాలి. నిజంగా క్యాన్సర్ ఉంటే, మందులకు ఆగని నెత్తురు ఉంటే సంచి తీయక తప్పదు. ఊరికే తీస్తే మాత్రం నష్టం. సంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే ముట్లుడిగిన బాధలు మొదలవుతాయి. ఒళ్లంతా సెగలు వస్తాయి, ఎముకలు బలం తగ్గుతాయి. కూలికి పోయే మనిషికి ఎముకలే ఆధారం. అందుకే ఇంకో డాక్టరుకు చూపించకుండా ఒప్పుకోవద్దు. ఎం.జి.ఎం.లోనో, సి.కె.ఎం.లోనో, హనుమకొండ ప్రసూతి దవాఖానలోనో చూపిస్తే ఫీజు లేదు. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లను ఆపే నియమాలు అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023లో అన్ని రాష్ట్రాలకు చెప్పింది.

ఆపరేషన్‌కు ముందు ఒక కాగితం మీద సంతకం అడుగుతారు. "ఇక్కడ వేలు పెట్టమ్మా" అంటారు. అందులో ఏం ఆపరేషన్ చేస్తారో రాసి ఉంటుంది. ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి చెప్పమనాలి. ఖాళీ కాగితం మీద సంతకం అసలే చేయవద్దు.

1995లో ఢిల్లీలో ఒక స్త్రీ కడుపులో గొట్టం వేసి చూసే పరీక్షకు ఒప్పుకున్నది. ఆమె మత్తులో ఉండగా తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఆమె ఊరుకోలేదు, కేసు వేసింది. 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆమె వయసు వచ్చిన మనిషి, తెలివితో ఉన్న మనిషి. ప్రాణం మీదికి వచ్చిన సమయం కూడా కాదు. ఆమె లేచేదాకా ఆగి ఆమెనే అడగాలి, తల్లి ఒప్పుకుంటే చాలదు అన్నది. డాక్టరుకు ఫీజు ఇవ్వనక్కర లేదు, పైగా 25,000 రూపాయలు ఆమెకు ఇవ్వాలి అన్నది. మన ఇండ్లల్లో మగనితోనో, అత్తతోనో సంతకం పెట్టించి సరిపెడతారు. ఒళ్లు ఎవరిదో ఆ మనిషి సంతకమే ముఖ్యం.

పైసలు కట్టినప్పుడల్లా రసీదు తీసుకోవాలి. తెల్లకాగితం మీద పెన్నుతో రాసిన మొత్తం రసీదు కాదు. ఆరోగ్యశ్రీ కింద చేరితే అక్కడ ఆరోగ్యమిత్ర ఉంటారు. పై పైసలు ఎవరైనా అడిగితే ముందు వారికి చెప్పాలి.

అన్యాయం జరిగితే? జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి కాగితం రాసి ఇవ్వవచ్చు. పైసలు తీసుకొని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేండ్ల లోపు కేసు వేయాలి. కట్టిన పైసలు 5 లక్షల లోపు అయితే కేసు ఫీజు లేదు. వకీలు లేకున్నా నడుస్తుంది. 1915 నంబరుకు ఫోను చేసి సలహా అడగవచ్చు.

వీటన్నిటికీ కాగితాలు కావాలి. దవాఖానలో చేసిన వైద్యం అంతా కేసు షీటులో రాసి ఉంటుంది. దాని నకలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల నియమాల్లో 2002 నుంచి ఉన్నది. ఇంటికి పోయే రోజునే అడగడం మంచిది. రసీదులు, స్కానింగు, పరీక్షల కాగితాలు అన్నీ ఒక సంచిలో వేసి, తడవని చోట పెట్టుకోవాలి.