ఇలసకు హుగ్లీయే పురిటిల్లు

బడ్జ్ బడ్జ్ (పశ్చిమ బెంగాల్): ఎగువకు దారి మూసుకుపోయిన ఇలస చేపకు సముద్రానికీ ఫరక్కా బ్యారేజీకీ మధ్యనున్న నదీభాగమే పురిటిల్లుగా మిగిలింది. గోదావరి జిల్లాలవారు పులస అని, బెంగాలీలు ఇలిశ్ అని పిలుచుకునే చేప ఇదే. చమురు నిల్వ కేంద్రాలు, జనపనార మిల్లులు బారులు తీరిన బడ్జ్ బడ్జ్ ఆ దారిలోనే ఉంది. అందువల్ల ఇలస భవితవ్యం ఇప్పుడు హుగ్లీ ముఖద్వారం ఆరోగ్యంతో ముడిపడింది.

పాశ్చాత్య దేశాల సాల్మన్ వలెనే ఇలస సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదిలో ఎదురీదుతుంది. పిల్లలు కొన్ని నెలలు నదిలోను, ఉప్పునీరు మంచినీరు కలిసే చోట్లలోను ఎదిగి కడలికి చేరుకుంటాయి.

పూర్వం ఈ చేప గంగలో అలహాబాద్ దాటి పోయేది. 1975లో ఫరక్కా బ్యారేజీ పని ప్రారంభించడంతో ఆ వలస దాదాపు నిలిచిపోయింది. కలకత్తా రేవులోని పూడికను కడిగివేసేందుకు సెకనుకు 40 వేల ఘనపుటడుగుల నీటిని హుగ్లీకి మళ్లించడం బ్యారేజీ ఉద్దేశం. ఆ నీటితో ముఖద్వారంలో ఉప్పదనం తగ్గి, మంచినీటి మేర దిగువకు విస్తరించింది. ఎగువన పోయిన తావుకు బదులుగా ఇలసకు దిగువన కొంత చోటు దొరికింది. అయితే మహానగరపు మురుగు, పరిశ్రమల వ్యర్థాలు, ఓడల రాకపోకలు, చిన్న కన్నుల వలలు కూడా అక్కడే ఉన్నాయి.

పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2013లో 23 సెంటీమీటర్ల లోపు ఇలసను పట్టడాన్ని, 90 మిల్లీమీటర్ల కన్నా చిన్న కన్నున్న వలలను నిషేధించింది. బడ్జ్ బడ్జ్ దిగువన గోడాఖాలి నుంచి డైమండ్ హార్బర్ వరకు గల భాగాన్ని రక్షిత ప్రాంతాల్లో చేర్చింది. అయినా 'ఖోకా ఇలిశ్' పేరిట పిల్లచేపల అమ్మకం ఆగలేదు. నిషేధ కాలంలో పూట గడవని మత్స్యకారుడికి చట్టం ఒక్కటే అడ్డుకట్ట కాజాలదు.

ఈ సంగతిని బంగ్లాదేశ్ ముందుగా గ్రహించింది. పిల్లచేపల వేటను అరికట్టి, ఆ నెలల్లో మత్స్యకార కుటుంబాలకు బియ్యం అందజేసింది. 2002-03లో 2 లక్షల టన్నుల మేరకున్న దిగుబడి 2017-18లో 5 లక్షల టన్నులు దాటింది.

అమెరికాలో క్లామత్ నదిపై నాలుగు ఆనకట్టల తొలగింపు 2024లో పూర్తికాగా, ఆ ఏడాది అక్టోబరులోనే సాల్మన్ ఎగువకు చేరింది. కలకత్తా రేవు ఆధారపడిన ఫరక్కా విషయంలో అది సాధ్యమయ్యేది కాదు. అందుకే బ్యారక్‌పూర్‌లోని కేంద్ర అంతర్దేశీయ మత్స్య పరిశోధన సంస్థ 'నమామి గంగే' పథకం కింద ఇలసను బ్యారేజీకి ఎగువన వదలి, గుర్తింపు బిళ్లలతో వాటి కదలికలను గమనిస్తోంది.

ఎగువన వదలిన చేపల సంతానమైనా హుగ్లీ గుండా సముద్రం చేరాలంటే మళ్లీ బడ్జ్ బడ్జ్ మీదుగానే పోవాలి. దిగువన నీరు శుభ్రంగా లేకున్నా, వలల కన్నులు పెద్దవి కాకున్నా ఎగువన పడిన శ్రమ వృథా కాక తప్పదు.