ఉసుళ్ళు వచ్చిన పూట లైటు ఆపండి

మాది కోరుకొండ. రాజమహేంద్రవరం నుంచి గోకవరం వెళ్ళే దారిలో, నరసింహస్వామి కొండ కనబడేంత దూరంలో ఇల్లు. గోదావరి జిల్లా అనగానే అందరికీ కాలవలూ వరిచేలూ గుర్తొస్తాయి గానీ మాది మెట్ట. ఎర్రమట్టి, మామిడి, జీడిమామిడి తోటలు, గట్ల వెంబడి పుట్టలు. మృగశిర కార్తెలో గట్టి వాన కురిసి వెలిసిందంటే, దీపాలవేళకి ఉసుళ్ళు రావలసిందే.

మొన్న అలాగే వసారా లైటుకి మూగాయి. "తాతయ్యా, మందు కొట్టెయ్యవా?" అంది మనవరాలు. లైటు ఆపేసి, దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని గచ్చు మీద టార్చి వేశాను. రెక్కలు రాల్చేసిన రెండు ఉసుళ్ళు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ముందుది ఆడది, వెనకది మగది. అది ఆగితే ఇదీ ఆగుతోంది. గచ్చు పగులు దగ్గర విడిపోయి, కాసేపు అటూ ఇటూ వెతుక్కుని మళ్ళీ కలిశాయి. పిల్ల ఊపిరి బిగబట్టి చూసింది.

ఉసుళ్ళంటే పెళ్ళీడుకొచ్చిన చెదలు. రెక్కల చీమలనుకుంటారు చాలామంది. చీమకి నడుము సన్నం, ముందు రెక్కలు పెద్దవి. ఉసుళ్ళకి నాలుగు రెక్కలూ ఒకే పొడుగు. రెక్క మొదట్లో సన్నని గీత ఉంటుంది, నేల మీద వాలాక అక్కడే విరిగిపోతుంది. అసలు చెదలు చీమలకి చుట్టాలే కాదు, బొద్దింకల వంశానివి. జన్యువుల్ని పోల్చి చూసిన శాస్త్రజ్ఞులు 2007లో ఆ సంగతి గట్టిగా చెప్పారు.

వానకే ఎందుకు వస్తాయంటే, నేల మెత్తబడితే గుంత తవ్వుకోవడం తేలిక, గాలిలో తడి ఉంటే లేత ఒళ్ళు ఎండిపోదు. పనిచెదలు పుట్టకి సన్నని దారులు తెరుస్తాయి. చుట్టుపక్కల పుట్టలన్నీ ఒకే పూట వదలడంతో వేరే పుట్టవాళ్ళతో జత కుదురుతుంది. కాకులు, గోరింకలు, ఏట్రింతలు, బల్లులు, గోండ్రుకప్పలు ఎంత తిన్నా కొన్ని మిగులుతాయి. మన్యంలో మనుషులూ వేయించుకు తింటారు. కొవ్వూ మాంసకృత్తులూ దండిగా ఉన్న తిండి అది.

బతికిన జంట మట్టిలో చిన్న గది చేసుకుని మూసేసుకుంటుంది. రెక్కలతో పనిలేదు గనక, రెక్కల్ని ఆడించిన కండరాలే కరిగి తొలి పిల్లలకి తిండవుతాయి. తేనెటీగల్లో మగది జతకట్టగానే చచ్చిపోతుంది, ఇక్కడ రాజు మాత్రం రాణితోపాటు ఏళ్ళ తరబడి కాపురం చేస్తాడు. పుట్ట ఎదిగాక రాణి పొట్ట వేలంత లావై, రోజుకి వేల గుడ్లు పెడుతుంది.

పుట్టలోపల వ్యవసాయం కూడా ఉంది. పనిచెదలు ఎండుటాకులూ పుల్లలూ నమిలి తేనెపట్టులాంటి దిమ్మలు కట్టి, వాటి మీద బూజు పెంచుతాయి. ఆ బూజే ఆకుని మెత్తబరిచి వాటికి ఆహారంగా ఇస్తుంది. మనిషి నాగలి పట్టడానికి కోట్ల ఏళ్ళ ముందునుంచీ సాగుతున్న సేద్యం ఇది. వానలకి ఆ బూజే పుట్ట మీద గొడుగై లేస్తుంది. పుట్టగొడుగు అన్న మాట పెట్టిన పూర్వులు ఎంత దగ్గరగా చూశారో! నాగులచవితికి మనం పాలు పోసే పుట్టలూ ఈ చెదలు కట్టినవే. పాము తరవాత వచ్చి చేరుతుంది.

ఎగిరొచ్చిన ఉసుళ్ళు మీ తలుపులు తినవు. గోడ పగులులోంచో గుమ్మం చెక్కలోంచో రెక్కలు రాలుతుంటే మాత్రం లోపల చెద ఉందని అర్థం, వెంటనే చూపించుకోండి. లేదంటే మందు జోలికి పోకండి. ఆ మందు పడ్డ పురుగుని తెల్లారి మీ పెరట్లో గోరింక తింటుంది. ఒక్క అరగంట లైటు ఆపండి, అవి వాటి దారిన పోతాయి. పొద్దున్నే రెక్కలు ఊడ్చి మొక్కల పాదుల్లో వెయ్యండి.