లార్ప్ క్రీడాకారులపై మూసధోరణి

లార్ప్ క్రీడాకారులపై మూసధోరణి అనగా ప్రత్యక్ష పాత్రధారణ క్రీడలు ఆడేవారి గురించి ప్రచారంలో ఉన్న చులకన భావాల సముదాయం. "లార్ప్" అనేది "లైవ్ యాక్షన్ రోల్ ప్లేయింగ్" అనే ఆంగ్ల పదబంధానికి సంక్షిప్త రూపం. ఈ చులకన భావం బయటి సమాజంలోనే కాక, బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో పాత్రధారణ క్రీడలు ఆడేవారిలోనూ కనిపించడం ఇందులోని విశేషం. ఒకే వ్యాపకానికి చెందిన రెండు వర్గాలలో ఒకటి రెండవదానిని తక్కువగా చూడటానికి గల కారణాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

క్రీడా స్వరూపం

పాత్రధారణ క్రీడలకు ఆద్యమైనది 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన "డంజియన్స్ అండ్ డ్రాగన్స్". ఇందులో ఆటగాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని తమ పాత్రలు ఏమి చేస్తాయో మాటలతో చెబుతారు. ఫలితాన్ని పాచికలు నిర్ణయిస్తాయి. లార్ప్‌లో ఆటగాడు పాత్రకు తగిన వేషం ధరించి, ఆ పాత్రగానే నడిచి, మాట్లాడి, అవసరమైతే మెత్తని ఫోమ్‌తో చేసిన కత్తితో పోరాడతాడు. నాటకంలో వలె ముందుగా వ్రాసిన సంభాషణలు ఉండవు, వేరుగా ప్రేక్షకులు కూడా ఉండరు.

1977లో వాషింగ్టన్ నగర పరిసరాలలో ప్రారంభమైన "డాగోర్హిర్", 1982లో ఇంగ్లండులోని చెషైర్‌లో పెక్‌ఫోర్టన్ కోటలో మొదలైన "ట్రెజర్ ట్రాప్" తొలినాటి సంస్థలలో ముఖ్యమైనవి. 1993లో వైట్ వుల్ఫ్ సంస్థ తన రక్తపిశాచుల క్రీడకు "మైండ్స్ ఐ థియేటర్" పేరుతో ప్రత్యక్ష రూపాన్ని ప్రచురించింది. ఇందులో ఆయుధాలు లేవు. తగవు వస్తే రాయి, కాగితం, కత్తెర అనే చేతి సైగల ఆటతో తేల్చుకుంటారు.

మూసధోరణి లక్షణాలు

లార్ప్ ఆటగాళ్ళ గురించి సాధారణంగా వినిపించే అభిప్రాయాలు ఇవి:

* వీరికి ఊహకు, వాస్తవానికి మధ్య తేడా తెలియదు.
* వీరు వయసు వచ్చినా ఎదగని పిల్లలు. అసలు జీవితంలో ఓడిపోయి రాజులుగా, మాంత్రికులుగా వేషాలు వేస్తారు.
* వీరికి నలుగురిలో మెలగడం రాదు.
* వీరి వల్ల పాత్రధారణ క్రీడలన్నిటికీ చెడ్డపేరు వస్తుంది.

వీటిలో చివరిది ప్రత్యేకించి సాటి ఆటగాళ్ళు చేసే ఆరోపణ. అసలు తగవంతా ఈ మాటలోనే ఉన్నది.

చారిత్రక నేపథ్యం

1979 ఆగస్టులో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో 16 ఏళ్ళ విద్యార్థి ఒకడు అదృశ్యమయ్యాడు. విశ్వవిద్యాలయం అడుగున ఉన్న ఆవిరి గొట్టాల సొరంగాలలో "డంజియన్స్ అండ్ డ్రాగన్స్"ను నిజంగా ఆడబోయి తప్పిపోయాడని పత్రికలు వ్రాశాయి. ఆ తరువాత అతడు లూయిజియానా రాష్ట్రంలో కనబడ్డాడు. అతని వ్యథకు కారణం ఆట కాదని తేలినా, సొరంగాల కథ జనం మనసులో నిలిచిపోయింది.

ఈ వార్తల ప్రేరణతో రోనా జాఫ్ 1981లో "మేజెస్ అండ్ మాన్‌స్టర్స్" అనే నవల వ్రాసింది. 1982లో ఇది టామ్ హాంక్స్ నటించిన టెలివిజన్ చిత్రంగా వచ్చింది. ఈ కథలో విద్యార్థులు తమ ఆటను గదిలో నుండి నిజమైన గుహలలోకి మారుస్తారు. ఆ తరువాతనే ఒక పాత్రకు మతి చలిస్తుంది. అనగా ఆట బల్ల దగ్గర ఉన్నంతవరకు వినోదం, లేచి నడిస్తే ప్రమాదం అనే భావన ఈ కథలోనే ఇమిడి ఉన్నది.

1983లో అమెరికాలో ఈ క్రీడలకు వ్యతిరేకంగా ప్యాట్రీషియా పుల్లింగ్ ఒక సంస్థను స్థాపించింది. ఆటను సైతాను ఆరాధనతో ముడిపెట్టే ప్రచారం ఆ దశాబ్దమంతా సాగింది. అటువంటి వాతావరణంలో పాచికల ఆటగాడికి "మేము కూర్చుని మాట్లాడుకుంటాము, అంతే" అనేది సులువైన సమాధానం. ఆ సమాధానం తనను కాపాడుతుంది కాని, లేచి నడిచే సాటి ఆటగాడిని అనుమానానికి వదిలివేస్తుంది.

సామాజిక శాస్త్ర వివరణ

ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963లో ప్రచురించిన "స్టిగ్మా" అనే గ్రంథం ఈ ధోరణిని అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తుంది. సమాజం చిన్నచూపు చూసే వర్గంలోనివారు తమలో తాము మెట్లు కట్టుకుంటారనీ, తమకంటే కళంకం ఎక్కువగా బయటికి కనబడేవారి పట్ల, లోకం తమ పట్ల చూపే వైఖరినే చూపుతారనీ ఆయన పేర్కొన్నాడు.

ఈ సూత్రం ఇక్కడ చక్కగా అన్వయిస్తుంది. పాచికల ఆటగాడు తన పుస్తకాన్ని సంచిలో దాచుకోగలడు. వేషం వేసినవాడు దాచుకోలేడు. రెండు ఆటలలోనూ ఊహ ఒక్కటే అయినా, ఒకటి గదిలో జరుగుతుంది, రెండవది నలుగురికీ కనబడుతుంది. 2002లో లోర్ షోబెర్గ్ రూపొందించిన హాస్య పటం ఒకటి, ఇటువంటి వ్యాపకాలవారిలో ప్రతి వర్గమూ తన కింది వర్గం కంటే తానే మెరుగని భావించడాన్ని బొమ్మకట్టి చూపింది.

లార్ప్ ఆటగాళ్ళు కూడా ఇందుకు అతీతులు కారు. ఫోమ్ కత్తులతో పోరాడేవారికీ, సంభాషణ ప్రధానంగా ఆడేవారికీ మధ్య ఇటువంటి హేళనలే నడుస్తాయి.

ఆచరణలో ఆట

వాస్తవం మరచిపోతారనే ఆరోపణ ఆట జరిగే తీరుకు పొసగదు. పోరాట క్రీడలలో ఆయుధాలను ముందుగా పరీక్షిస్తారు. ఎవరికైనా దెబ్బ తగిలితే "హోల్డ్" అనే కేక వేయగానే ఆట నిలిచిపోయే నియమం అనేక సంస్థలలో కలదు. నార్డిక్ దేశాలలో ఆటను ఆపడానికి, తీవ్రత తగ్గించడానికి వేరువేరు సంకేత పదాలు వాడతారు. పాత్ర భావాలు ఆటగాడి మనసులోకి, ఆటగాడి భావాలు పాత్రలోకి జారడాన్ని "బ్లీడ్" అని పిలుస్తారు. దీని గురించి ఆట ముగిసిన తరువాత కూర్చుని చర్చించుకోవడం కూడా ఉన్నది. పాత్రనూ తననూ ఒకేసారి గుర్తుంచుకోలేనివారితో ఈ ఆట సాగదు.

అయితే లార్ప్‌పై వచ్చే ప్రతి విమర్శా మూసధోరణి కాదు. బహిరంగ స్థలాలలో ఇతరులకు కలిగే ఇబ్బంది, వేషాలకయ్యే ఖర్చు వంటివి ఆటగాళ్ళే చర్చించుకునే విషయాలు.

ఇతర దేశాలలో

ఈ చులకన అన్నిచోట్లా ఒకేలా లేదు. స్వీడన్‌లో 1988లో ఏర్పడిన "స్వెరోక్" సమాఖ్య పాచికల ఆటలనూ లార్ప్‌నూ ఒకే గొడుగు కిందికి తెచ్చి, యువజన సంస్థగా ప్రభుత్వ సహాయం పొందింది. 1997లో ఓస్లోలో మొదలైన "క్నుటెపుంక్ట్" సమావేశాలు లార్ప్‌ను ఒక కళగా చర్చించే సంప్రదాయాన్ని నెలకొల్పాయి. డెన్మార్క్‌లోని హోబ్రోలో 2006లో ప్రారంభమైన ఓస్టర్‌స్కోవ్ వసతి పాఠశాలలో పాఠాలనే పాత్రధారణ ద్వారా బోధిస్తారు.

ప్రభావం

2006 నాటి "డార్కన్" డాక్యుమెంటరీ చిత్రం, 2008 నాటి "రోల్ మోడల్స్" హాస్యచిత్రం ఈ ఆటగాళ్ళను కొంత సానుభూతితో చూపాయి. అయినా 2014లో ఫ్లోరిడా రాష్ట్రంలో ప్రతినిధుల సభ స్థానానికి రిపబ్లికన్ పార్టీ ప్రాథమిక ఎన్నికలో నిలిచిన ఒక న్యాయవాది, రక్తపిశాచుల లార్ప్ ఆడిన ఫోటోల కారణంగా దేశవ్యాప్తంగా హేళనకు గురయ్యాడు. 2010ల నుండి అంతర్జాల ఆంగ్లంలో "లార్పింగ్" అనే మాట, లేని గొప్పను నటించడం అనే అర్థంలో తిట్టుగా స్థిరపడింది. లార్ప్ ఆటగాడు తాను నటిస్తున్నానని ముందే ఒప్పుకుని ఆడతాడు. ఆ తిట్టు మాత్రం నటన అని ఒప్పుకోనివారికి వాడబడుతున్నది.