కొయ్య అచ్చు: కాగితముపైనను, గుడ్డపైనను

పాకాలలోని మా ఇంట ఒక పాత అద్దకపు దుప్పటి కలదు. ఏటికొకసారి పెట్టెలోనుండి తీసి ఎండలో వేయుట, మరల మడిచి పెట్టుట తప్ప దానితో వేరు పని లేదు. అది కాళహస్తిలో కలముతో వ్రాసినదని ఇంటిలో కొందరు, కాదు, బందరు అచ్చుపని యని కొందరు వాదించుచుందురు. తిరుపతి, రేణిగుంట దాటినచో కాళహస్తియే కదా, ఆ ఊరి పనియే అయియుండునని మొదటి పక్షమువారి ధీమా. ఈ తగవు తీర్చుటకు మేము పోయినది కాళహస్తికి కాదు, న్యూయార్కునకు. అదియు ఇల్లు కదలకుండ, ఇంటర్నెట్టు మీద.

అచటి మెట్రోపాలిటన్ మ్యూజియమువారు, హక్కుల గడువు తీరిన తమ కళాఖండముల చిత్రములను 3,75,000 దాక 2017 ఫిబ్రవరి 7న ఎల్లరకును ఉచితము గావించిరి. రుసుము లేదు, అనుమతిపత్రము లేదు. ‘ఓపెన్ యాక్సెస్’ అను గుర్తు గల చిత్రమును దింపుకొని, అచ్చు వేసికొని, అమ్ముకొనినను అడ్డు లేదు. గుర్తు లేనివానికి మాత్రము ఈ స్వేచ్ఛ వర్తింపదు.

అచ్చుపనిని కంటికి నేర్పుటకు జపాను చిత్రములు మంచి గురువులు. 1830 ప్రాంతమున హొకుసాయ్ రచించిన ‘పెద్ద అల’ను ముందుగా తెరచితిమి. లోకమంతయు ఎరిగిన ఆ అల, కొలత చూడగా, 25.7 సెంటీమీటర్ల ఎత్తు, 37.9 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే! చిత్రకారుడు పలుచని కాగితముపై గీసిన బొమ్మను చెర్రీకొయ్య పలకపై బోర్లించి అంటించుదురు. చెక్కువాడు గీతలను నిలిపి తక్కిన కొయ్యను తొలగించును. మూలచిత్రము అంతటితో నశించును. రంగులకు వేరు పలకలు. కాగితము ప్రతిమారును ఒక్కచోటనే కూర్చొనునట్లు పలకలపై గుర్తులు చెక్కుదురు. ఆ మ్యూజియములో ఈ చిత్రమునకు ఒకటికంటె ఎక్కువ ప్రతులున్నవి. పలక అరిగినకొలది సన్నని గీతలు తెగును గనుక, ప్రతులను ప్రక్కప్రక్కన పెట్టి పెద్దవిగా చేసి చూచినచో ఏది ముందు, ఏది వెనుక యని ఊహింప వీలగును.

జపాను కాగితమునుండి మన గుడ్డకు దూకుట వింతగా తోచవచ్చును గాని, ఈ రెంటికిని పాత చుట్టరికము కలదు. డచ్చివారు 17వ శతాబ్దిలో మచిలీపట్నమున స్థావరమేర్పరచుకొని, ఈ తీరపు గుడ్డలను తూర్పుదేశములకు తరలించిరి. భారతదేశపు అద్దకములకు జపానులో ‘సరసా’ అని పేరు. 1778లో ఆ సరసా నమూనాలతో ఒక పుస్తకమే అచ్చట కొయ్య అచ్చులతో వెలువడినది. మన తీగలును పూవులును వారి పలకలకెక్కినవన్న మాట.

అయినను పనితీరు వేరు. జపాను పలక రంగునే కాగితముపై ఉంచును. పెడనలో టేకుకొయ్యపై చెక్కిన అచ్చు ఎరుపునకు ఉంచునది రంగు కాదు, పటికనీరు. ముందుగా గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీట తడిపి ఆరవేయుదురు. ఇనుమును బెల్లపునీట పులియబెట్టి తీసిన ద్రవము ఆ కరక్కాయ తగిలినంతనే నల్లనగును. పటిక పడినచోటు మాత్రము గుడ్డను వేరుతోనో చెక్కతోనో ఉడికించినపుడే ఎర్రబారును. పూర్వము అందులకు చిరివేరు వాడెడివారు. కాళహస్తిలోనో అచ్చే లేదు. చింతబొగ్గుతో ఆకారము గీచి, వెదురుకలముతో వ్రాయుదురు.

ఇక గుర్తించుట యెట్లు? మ్యూజియమువారి పుటలో చిత్రము క్రింద, వస్తువు దేనితో, ఎట్లు చేయబడినదో తెలుపు పంక్తి యుండును. దానిని మొదట చదువవలెను. వారియొద్దనున్న 17వ శతాబ్దపు గోలకొండ కలంకారీ రుమాలు చేతిపని యని ఆ పంక్తియే చెప్పును. పిమ్మట చిత్రమును పెద్దది చేయవలెను. కలపు గీత లావై, సన్నమై నడచును; ఏ రెండు ఆకులును అచ్చముగా ఒకటి కావు. అచ్చుపనిలో తప్పు కూడ క్రమము తప్పదు. అచ్చుకు అచ్చు కలియుచోట గీత కొంచెము తొలగును, లేదా రెండుమార్లు పడి నల్లనగును. రెండు పనులును కలసిన గుడ్డలును కలవు, అచట తొందరపడరాదు.

ఈ పాఠముతో మా దుప్పటిని పరచి చూచితిమి. అంచు తీగలో ఒక ఆకు కొన విరిగియున్నది. జానెడు దూరమున మరల అదే ఆకు, అదే విరుగు. నాలుగు వైపులను అంతియే. కనుక అచ్చే. కాళహస్తి పక్షమువారు ఇంకను ఒప్పుకొనలేదు, భూతద్దము అడిగిరి.

తగవు మాట అటుంచి, మాకు వేరొక చింత కలిగినది. అరిగిన అచ్చును ప్రక్కన పడవేసినపుడు దానితో ఆ తీగయు పోవును. దూరదేశపు పెట్టెలలో నిలిచిన గుడ్డ చిత్రమును చూచి పెడన పనివాడు క్రొత్త అచ్చు చెక్కుకొనదలచిన, ఆ గుర్తు గలచోట ఎవరిని అడుగనక్కరలేదు. కాని చిత్రము గుడ్డ వెనుకవైపును ఎల్లప్పుడు చూపదు. రంగు ఎంతలోతు దిగినదో వెనుకవైపే చెప్పును.

వెదకుటకు ఆంగ్లలిపిలో ‘కలంకారీ’ యని వ్రాసిన చాలదు. మన చీటిగుడ్డకు వారి పేరగు ‘చింట్జ్’ అనియు, మన తీరము పేర ‘కోరమాండల్’ అనియు కూడ వ్రాయవలెను. మేము మూడు విధములను వెదకితిమి. మా తీగను పోలినది ఇంతవరకు కానరాలేదు. ఈమారు దుప్పటిని ఎండలో వేసినపుడు, ప్రక్కన కొలబద్ద నుంచి, ముందువైపును వెనుకవైపును ఫోటోలు తీయ నిశ్చయించితిమి.