గింజ ఇంట్లో ఉంటే, కూలి మన ఇష్టం

జహీరాబాద్ చుట్టుపక్కల ఎర్ర నేలల్లో ఒకే ఎకరంలో ఇరవై రకాల దాకా పంటలు కలిపి వేసే ఆడవాళ్లున్నారు. కొర్ర, సామ, సజ్జ, తైద, కంది, పెసర, అనుము, బొబ్బర, వాటి మధ్యన పుంటికూర. వాళ్లలో ఎక్కువమంది దళిత కుటుంబాల వాళ్లు. నెల జీతమంటూ వాళ్లకు ఎన్నడూ లేదు. అయినా రేపు కూలికి పోవాలా, సొంత చేను చూసుకోవాలా అన్నది వాళ్లే తేల్చుకుంటారు. ఒకప్పుడు ఆ మాట చెప్పేది ఆసామి. తేల్చుకునే ఆ హక్కు వాళ్లకు ఎలా వచ్చిందన్నదే ఇక్కడ చెప్పుకోవాల్సిన సంగతి.

ఎందుకంటే ఇదే ఆశ ఇప్పుడు వంద కిలోమీటర్ల అవతల హైదరాబాద్‌లోనూ వినిపిస్తోంది. పొద్దస్తమానం చేసే ఉద్యోగం వదిలేసి, రోజుకు నాలుగు గంటలో వారానికి మూడు రోజులో పనిచేసి, ఉన్నంతలో సర్దుకుని బతకాలని చాలామంది కోరుకుంటున్నారు. కోరిక మంచిదే. అయితే అది మనసు గట్టిగా ఉంటే చాలనే విషయంగా వాళ్లు మాట్లాడుకుంటున్నారు. జహీరాబాద్ చూశాక నాకు అలా అనిపించదు.

1983లో పి.వి. సతీష్, ఆయన మిత్రులు కలిసి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని మొదలుపెట్టారు. పస్తాపూర్ దాని కేంద్రం. సతీష్‌ది మైసూరు. దూరదర్శన్‌లో గ్రామీణ కార్యక్రమాలు తీసిన నిర్మాత. నగరంలో జీతం వదులుకుని, 2023 మార్చిలో కన్నుమూసేదాకా ఈ ఊళ్ల పనిలోనే ఉన్నారు. ఆయన వచ్చేనాటికి ఇక్కడి పేదలకు ఉన్న భూమి రాళ్లూ రప్పలూ. చాలావరకు పడావు పడి ఉండేది. అదే ఏడాది రాష్ట్రంలో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ బియ్యం ఆకలి తీర్చిన మాట నిజం. జొన్న చేలు మరింత పడావు పడటానికి అది కూడా ఒక కారణమన్నది సతీష్ వాదన. దాన్ని నేనూ ఒప్పుకుంటాను.

ఊరూరా మహిళా సంఘాలు ఏర్పడ్డాయి. రాళ్లు ఏరి గట్లు వేశారు, పెంట తోలారు. 1990ల మధ్యలో మరో అడుగు వేశారు. పడావు భూమిని సాగులోకి తేవడానికి అప్పు ఇచ్చి, తిరిగి డబ్బు అడగకుండా జొన్నలు కొలిపించుకున్నారు. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ చేసి, పనులు దొరకని నెలల్లో నిరుపేదలకు తక్కువ ధరకు అమ్మారు. ఎవరు నిరుపేదలో ఊరివాళ్లే నేల మీద బొమ్మలు గీసుకుని, అందరి ముందూ తేల్చారు. పంటా గిడ్డంగీ రెండూ ఊళ్లోనే. రేషన్ దుకాణానికి ఇంతకంటే సూటైన నమూనా నాకు తెలియదు.

ఇక ఇంటి లెక్క చూడండి. చలికాలంలో వాన లేకుండా, నీళ్లు పెట్టకుండా, నేలలో మిగిలిన తేమకూ, మంచుకూ పండే పంటలున్నాయి. వాటిని ఇక్కడ సత్యం పంటలంటారు. జొన్న, శనగ, కుసుమ, అవిసె ఆ కోవలోవే. కుసుమ నుంచి నూనె వస్తుంది. దొగ్గలి, గునుగు, తుమ్మి కూరలు ఎవరూ విత్తకుండానే చేలో మొలుస్తాయి. బూడిద, వేపాకు కలిపి మట్టి మెత్తిన బుట్టల్లో విత్తనం దాస్తారు. లేనివాళ్లు పొరుగింట అడిగి తెచ్చుకుని, పంట వచ్చాక ఎక్కువే కొలిచి ఇస్తారు. అలా తిండి, విత్తనం, ఎరువు మూడూ డబ్బు జోలికి పోకుండానే గడిచిపోతాయి. మిగిలేవి ఉప్పు, బట్టలు, పిల్లల చదువు, మందులు, ఫోను. కూలి డబ్బు వీటికే కావాలి కాబట్టి ఏడాదంతా కూలికి పోనక్కర్లేదు. వీళ్ల పొదుపు నోరు కట్టుకోవడం కాదు. కొనాల్సిన వస్తువులే తగ్గిపోయాయి.

మిగిలిన సమయం ఏమైంది? 2008 అక్టోబర్ 15న మాచనూరులో సంఘం రేడియో మొదలైంది. పగలు చేలో ఉండే ఆడవాళ్లే సాయంత్రం దాన్ని నడిపారు. బడి ముఖం చూడని వాళ్లు కెమెరా పట్టి సినిమాలు తీశారు. సంక్రాంతి నుంచి నెల రోజులు ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా పాత పంటల జాతర చేస్తారు. ఈ సంస్థ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. పన్నెండు గంటలు ఒకరికింద పనిచేసే మనిషికి ఇవన్నీ చేసే తీరిక ఉండేదా?

ఇదంతా సుఖమైన బతుకని నేను చెప్పను. కలుపు తీస్తే నడుము పోతుంది. వాన మొహం చాటేసిన ఏడు కష్టమే. ఒక్క ఆపరేషన్ చాలు, ఇల్లు అప్పులపాలు కావడానికి. వీళ్ల పిల్లలు చాలామంది హైదరాబాద్ బస్సెక్కుతున్నారు, జహీరాబాద్‌లోని ట్రాక్టర్ల ఫ్యాక్టరీ వైపు చూస్తున్నారు. వాళ్లను తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. తాతలు ఆసామి దగ్గర ఏడాది జీతానికి కుదిరిన ఇంట్లో పీఎఫ్ ఉన్న ఉద్యోగమంటే డబ్బు ఒక్కటే కాదు, మర్యాద కూడా. తరతరాలుగా లేమి అనుభవించిన వాళ్లకు పొదుపు పాఠాలు చెప్పడం అన్యాయం.

1930లో ఆర్థికవేత్త కీన్స్, వందేళ్లలో మనిషికి వారానికి పదిహేను గంటల పని చాలన్నాడు. గడువు దగ్గరపడింది, ఆ రోజు రాలేదు. పార్ట్‌టైమ్ పని బాగా పాతుకుపోయిన దేశం నెదర్లాండ్స్. అక్కడ పనిగంటలు తగ్గించమని అడిగే హక్కును 2000లో చట్టం చేశారు. వైద్య బీమా అందరికీ ఉంటుంది, దానికి పూర్తికాలం ఉద్యోగం అక్కర్లేదు. అక్కడ ఆధారం చట్టం, ఇక్కడ రెండెకరాల చేను, సంఘం. ఏదో ఒక ఆధారం లేకుండా పని తగ్గించుకున్నవాడికి దక్కేది తీరిక కాదు, భయం.

ఆ ఆధారానికే ఇప్పుడు ముప్పు వచ్చింది. న్యాల్కల్, ఝరాసంగం మండలాల్లో 12,635 ఎకరాల్లో జాతీయ పెట్టుబడుల, ఉత్పాదక మండలి (నిమ్జ్) అనే పారిశ్రామిక ప్రాంతాన్ని తలపెట్టారు. 2024 ఆగస్టులో కేంద్రం జహీరాబాద్‌లో 3,245 ఎకరాల పారిశ్రామిక స్మార్ట్ సిటీకి ఆమోదం తెలిపింది. 1.74 లక్షల ఉద్యోగాలు వస్తాయన్నది అంచనా. రావాలి, కోరుకున్నవాళ్లకు దక్కాలి. కానీ పరిహారం లెక్కల్లో ఎకరం ధర ఉంటుంది. ఆ ఎకరం ఏటా ఇంటికి చేర్చే జొన్నలూ పప్పులూ కూరలూ ఉండవు. చేను పోయిన మర్నాటి నుంచి అవన్నీ కొనుక్కోవాలి, అంటే ఏడాది పొడుగునా కూలికి పోవాలి. అప్పుడు ఉద్యోగం ఎంచుకున్నది అనిపించుకోదు.

భూమి తీసుకునే అధికారులు ఆ ఇంటి తిండిని కూడా లెక్కకట్టాలి. ఇవ్వనన్న చిన్న రైతు చేను వదిలేయాలి. పని తగ్గించుకోవాలనుకుంటున్న పాఠకులకూ ఒక మాట. రాజీనామా రాసే ముందు ఇంటి అద్దె, వైద్యం, తిండి ఎవరి చేతిలో ఉన్నాయో చూసుకోండి. వాటిలో ఒక్కటైనా మీ చేతిలోకి వచ్చాకే గంటలు తగ్గించుకోండి.