వస్తువ్యామోహంపై వ్యంగ్యాస్త్రం

సమాజాన్ని సంస్కరించడానికి సాహిత్యం ఎన్నుకున్న మార్గాలలో అధిక్షేపం ఒకటి. నీతిబోధకుడు తప్పును తప్పని చెబుతాడు. అధిక్షేప రచయిత ఆ తప్పునే ఒప్పుగా చిత్రించి, పరాకాష్ఠ వరకు నడిపించి నవ్విస్తాడు. నవ్వు ముగిసేసరికి పాఠకునికి తనలోని లోపం కనిపిస్తుంది. 1892లో తొలిసారి ప్రదర్శితమైన గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' నాటకంలో గిరీశం మాటలకు నవ్విన తెలుగువారికి ఈ పద్ధతి కొత్తది కాదు. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికా రచయితలు కొందరు ఇదే ఆయుధాన్ని మరొక దురాచారంపై ప్రయోగించారు. అవసరానికి మించి వస్తువులను కొని, వాడి, పారవేయడమే ఆ దురాచారం.

రెండవ ప్రపంచ యుద్ధం 1945లో ముగిసింది. యుద్ధసామగ్రిని తయారుచేసిన అమెరికా కర్మాగారాలు కార్లను, రిఫ్రిజిరేటర్లను, ఇతర గృహోపకరణాలను విస్తారంగా ఉత్పత్తి చేయసాగాయి. తయారైన సరకు అమ్ముడుపోవాలి. ప్రజలకు అవసరం లేకపోతే ఆ అవసరాన్ని కల్పించాలి. ఈ పనిని వాణిజ్య ప్రకటనలు తమ భుజాలపై వేసుకొన్నాయి. ఆ ప్రకటనల రంగంలో స్వయంగా పనిచేసిన రచయిత ఫ్రెడరిక్ పోల్ (1919–2013). ఆయన సిరిల్ కార్న్‌బ్లూత్ (1923–1958)తో కలిసి రచించిన 'ది స్పేస్ మర్చంట్స్' నవల 1952లో 'గెలాక్సీ' పత్రికలో మరొక పేరుతో ధారావాహికగా వెలువడి, 1953లో పుస్తక రూపం దాల్చింది.

ఈ నవలలోని భావికాలపు ప్రపంచాన్ని ప్రకటనల సంస్థలు పరిపాలిస్తుంటాయి. చట్టసభ సభ్యులు ప్రజలకు గాక కంపెనీలకు ప్రతినిధులు. భూమిపై జనం కిక్కిరిసిపోవడంతో పేదలు ఎత్తైన భవనాల మెట్లను అద్దెకు తీసుకొని రాత్రిళ్లు నిద్రిస్తారు. మంచినీరు కరవై స్నానానికి ఉప్పునీరే గతి అవుతుంది. కలప సంపన్నులకు మాత్రమే దక్కే వైభవం. ఆహారం కోసం కర్మాగారంలో ఒక పెద్ద కోడిమాంసపు ముద్దను నిరంతరం పెంచుతూ, దాని నుండి ముక్కలు కోసి తీస్తుంటారు.

ప్రకటనల మాయను రచయితలు ఒక చిన్న ఉదాహరణతో చూపారు. ఒక చిరుతిండి తింటే ఒక పానీయం తాగాలనిపిస్తుంది. అది తాగితే ఒక సిగరెట్టు కావాలనిపిస్తుంది. సిగరెట్టు కాల్చగానే మళ్లీ ఆ చిరుతిండి మీదికే మనసు పోతుంది. ఒకసారి ఈ వలయంలో చిక్కినవాడు జీవితాంతం కొంటూనే ఉంటాడు. పాఠకుడు ఇక్కడ నవ్వుతాడు. ఆ నవ్వులోనే కొంత భయం కూడా కలుగుతుంది.

ఈ కథను చెప్పే మిచెల్ కోర్ట్‌నీ దుర్మార్గుడు కాడు. తన వృత్తిని మనసారా గౌరవించే ప్రకటనల రచయిత. మనిషి బ్రతకలేని శుక్రగ్రహాన్ని స్వర్గంగా వర్ణించి, అక్కడికి వలస వెళ్లేలా జనాన్ని ఒప్పించడం అతనికి అప్పగించిన పని. ఒక భూమిని పాడుచేసినవారు మరొక గ్రహాన్ని కూడా సరకుగా మార్చి అమ్మజూస్తారు. ప్రకృతిని కాపాడాలనేవారు అతని దృష్టిలో ద్రోహులు. అయితే విధివశాత్తు అతడే తన గుర్తింపును కోల్పోయి, కంపెనీ అప్పులలో కూరుకుపోయే కూలీల మధ్య పడతాడు. తాను రాసిన ప్రకటనల ఫలితాన్ని తానే అనుభవించవలసి వస్తుంది. పర్యావరణ వినాశానికి రాక్షసులు అవసరం లేదని, తమ పని తాము నిష్ఠగా చేసే సామాన్యులే చాలునని ఈ పాత్ర నిరూపిస్తుంది.

పోల్ 1954లో ప్రచురించిన 'ది మిడాస్ ప్లేగ్' కథ సంపదకు, పేదరికానికి అర్థాలను తారుమారు చేస్తుంది. యంత్రమానవులు అంతులేకుండా వస్తువులను తయారుచేసే ఆ లోకంలో వాటిని వాడి అరగదీయడం ప్రజల విధి. పేదవాడు ప్రభుత్వం నిర్ణయించిన మేరకు తినాలి, తాగాలి, దుస్తులు మార్చాలి. నిరాడంబరంగా జీవించే భాగ్యం ధనికులకే ఉంటుంది. ఈ భారం మోయలేని కథానాయకుడు తన ఇంటి యంత్రమానవుల చేతనే వస్తువులను వాడించి, శిక్ష పడుతుందేమోనని వణికిపోతాడు. కాని పాలకులు అతనిని అభినందిస్తారు! తయారుచేసేవీ యంత్రాలే, వాడి పారవేసేవీ యంత్రాలే. ఈ చక్రంలో మనిషికి చోటెక్కడ అనే ప్రశ్న పాఠకునికి మిగులుతుంది.

బాలసాహిత్యంలో ఈ ధోరణికి పేరొందిన రచన 'ది లోరాక్స్'. డాక్టర్ స్యూస్ అనే కలం పేరుతో ప్రసిద్ధుడైన థియొడార్ గైసెల్ దీనిని 1971లో వెలువరించారు. వన్స్‌లర్ అనే వ్యాపారి రంగురంగుల కుచ్చులు గల చెట్లను నరికి, ఆ కుచ్చులతో అన్నింటికీ పనికివస్తుందని చెప్పే ఒక వింత వస్తువును అల్లి అమ్ముతాడు. చెట్ల పక్షాన మాట్లాడే లోరాక్స్ హెచ్చరికలు అతని చెవికెక్కవు. చివరి చెట్టు కూలిన రోజుననే కర్మాగారమూ మూతపడుతుంది. పశ్చాత్తాపంతో మిగిలిన వ్యాపారి ఆఖరి విత్తనాన్ని ఒక బాలుని చేతిలో పెడతాడు. పుస్తకంలోని బొమ్మలలో ఈ వ్యాపారి చేతులే తప్ప ముఖం ఎక్కడా కనిపించదు. ఆ ముఖం ఎవరిదైనా కావచ్చు.

ఈ చిన్న పుస్తకం పెద్దలను కూడా కలవరపెట్టింది. కలప వ్యాపారంపై ఆధారపడిన కాలిఫోర్నియాలోని లేటన్‌విల్ అనే ఊరిలో 1989లో కొందరు దీనిని పాఠశాల పఠన జాబితా నుండి తొలగించాలని కోరారు. వారి కోపం వెనుక జీవనోపాధిని గురించిన భయం ఉంది. వ్యంగ్యం తగిలేది ధనవంతులకు మాత్రమే కాదనడానికి ఇది నిదర్శనం.

ఇదే పుస్తకానికి సంబంధించిన మరొక ఉదంతం ఆలోచింపజేస్తుంది. తొలి ముద్రణలో గైసెల్ అమెరికా, కెనడాల మధ్యనున్న ఈరీ సరస్సు కాలుష్యాన్ని ఎత్తిపొడిచారు. 1972లో అమెరికా జలశుద్ధి చట్టం చేసింది. అదే ఏడాది రెండు దేశాలు సరస్సుల పరిరక్షణకు ఒప్పందం కుదుర్చుకొన్నాయి. సరస్సు క్రమంగా కోలుకొంది. ఒహాయో రాష్ట్ర పరిశోధకులు ఈ విషయం రచయితకు తెలియజేయగా, ఆయన తరువాతి ముద్రణలలో ఆ పంక్తిని తొలగించారు. లోపం సరిదిద్దుకొంటే వ్యంగ్యం తనంతట తాను వెనక్కు తగ్గుతుందన్నమాట. కాని పొలాల నుండి కొట్టుకువచ్చిన ఎరువులలోని భాస్వరం వల్ల ఆ సరస్సులో విషపు నాచు మళ్లీ పెరిగింది. 2014 ఆగస్టులో టొలీడో నగర పరిసరాలలోని నాలుగు లక్షలకు పైగా జనం రెండు మూడు రోజులు కుళాయి నీరు తాగలేకపోయారు.

సాహిత్యం చట్టాలు చేయలేదు, సరస్సులను శుభ్రపరచలేదు. అలవాటైపోయిన తప్పును మాత్రం అలవాటుగా కనిపించనీయదు. ఈ కథలలోని మనుషులు ప్రకటన చూసి ఎందుకు కొంటున్నామని ఒక్కసారి కూడా ప్రశ్నించుకోలేదు. వారిని చూసి నవ్విన పాఠకుడు తన చేతిలోని వస్తువు ఎక్కడి నుండి వచ్చిందో, పారవేసిన తరువాత ఎక్కడికి చేరుతుందో ఆలోచించగలిగితే ఆ రచయితల శ్రమ ఫలించినట్లే.