ట్యూబర్‌క్యులిన్ సూదికి రెండు దినముల నిరీక్షణ మేల?

చాంద్రాయణగుట్టలో ఒక యింట పెద్దవారికి క్షయ సోకినదని తేలినదనుకొందము. వైద్యుడు ఆ యింటి పిల్లవాని ముంజేతి చర్మములో ట్యూబర్‌క్యులిన్ సూది వేయించి, “రెండుమూడు దినములైన పిమ్మట తీసుకొనిరండు” అనును. దోమ కుట్టినచోట నిమిషములలో దద్దురు లేచునే, దీనికి 48 మొదలు 72 గంటలు ఏల ఆగవలెను? 1948లో మదనపల్లెలో బి.సి.జి. టీకాల కార్యక్రమ మారంభమైనపుడును, టీకాకు ముందు ఈ సూదినే వేసి, కొన్ని దినములాగి చేతులు చూచెడివారు.

ట్యూబర్‌క్యులిన్ క్షయక్రిముల మాంసకృత్తుల మిశ్రమము. ఇందు సజీవ క్రిములుండవు. చర్మములోని కొన్ని కణములు ఆ మాంసకృత్తులను తునుకలుచేసి తమ పైపొరపై నిలుపును. క్షయక్రిమిని మునుపే ఎరిగిన టి-కణము తన పైనున్న గ్రాహకముతో ఆ తునుకను గుర్తించును. కాని గ్రాహకమున్నది కణము పైపొరలో. మేల్కొనవలసిన జన్యువులున్నవి కేంద్రకములో. వార్త లోనికెట్లు పోవును?

గ్రాహకమునకు తునుక తగులగానే, దాని ప్రక్కనున్న సి.డి.3 అణువుల తోకలకు కణము లోపల ఫాస్ఫేటు అంటుకొనును. కొలది సేపటిలో కణద్రవమున కాల్సియము పెరిగి, కాల్సిన్యూరిన్ అను ఎంజైమును పురికొల్పును. అది ఎన్‌ఫాట్ అను మాంసకృత్తు నుండి ఫాస్ఫేటును ఊడదీయును. ఫాస్ఫేటున్నంతవరకు ఎన్‌ఫాట్ కేంద్రకము వెలుపలనే యుండును. ఊడినంతనే లోనికిపోయి, ఇతర మాంసకృత్తులతో కూడి, ఇంటర్‌ల్యూకిన్-2, ఇంటర్‌ఫెరాన్-గామా మొదలగువాని జన్యువులను నడిపించును. ఇంతవరకు జరుగుటకు నిమిషములే చాలును. కావున ఆలస్యమంతయు జన్యువులదే యనుట సరికాదు. ఆ రసాయనములు తయారై వెలువడి, రక్తమునుండి మరికొన్ని కణములను పిలిచి, అవి గుమిగూడి చర్మము గట్టిపడుటకే దినములు పట్టును.

క్షయక్రిమి నెన్నడు నెరుగని టి-కణమునకు గ్రాహకపు సంకేత మొక్కటియే చాలదు. సి.డి.28 అను మరియొక ఉపరితలాణువు కూడ “ఔను” అనవలెను. లేనిచో ఆ కణము మందగించి ఊరకుండును. మన దేహముపై మన కణములే తిరుగబడకుండ నిది యొక కట్టుబాటు. పని మొదలైన పిమ్మట సి.టి.ఎల్.ఎ.-4 పైకి వచ్చి, సి.డి.28 పట్టుకొను అణువులనే మరింత గట్టిగా పట్టి, వేగము నణచును. పుట్టకురుపు చికిత్సకై ఈ అణచివేతను తొలగించు మార్గము చూపిన జేమ్స్ ఆలిసన్‌కు 2018లో నోబెల్ బహుమానము లభించినది.

మూత్రపిండము మార్పిడి చేయించుకొన్నవారికిచ్చు టాక్రోలిమస్ కాల్సిన్యూరిన్‌నే అడ్డగించును. ఎన్‌ఫాట్ వెలుపలనే నిలిచిపోవును. క్రొత్త మూత్రపిండము నిలుచును. కాని దేహములో క్షయక్రిములున్నను అట్టివారి చేతిపై వాపు రాకపోవచ్చును. హెచ్.ఐ.వి. సోకినవారియందును, మిక్కిలి చిక్కిన పిల్లలయందును ఇట్లే జరుగవచ్చును. అందుచే చేయి నున్నగా నున్నదని వారిని ఇంటికి పంపివేయక, వైద్యులు ఛాతీ ఎక్స్‌రే, కఫపరీక్షల వైపు చూతురు.